శాంతయ్య పంతులు బురద బడి

ముందు బడి పెట్టారో, ముందు మేక పోయిందో, వరస కాస్త అటూ ఇటూ అయితే మీరే సర్దుకోండి. ఈ మధ్య నాకు సంగతులు గుర్తుంటున్నాయి గాని వాటి వరస గుర్తుండటం లేదు. ఎలా చూసినా మేక పోయాకే బడి పెట్టి ఉండాలి. నష్టం వస్తే తప్ప చదువు మీదికి ఎవరి మనసూ పోదు కదా.

గుట్టల మీద గడ్డి మాడిపోయిన ఏడు ఒక మేకల మంద ఏరు దాటి లంకలోకి వచ్చింది. రెండు పాయల మధ్య ఒండ్రు మేట వేసిన నేల అది. మేతకు కరువు లేదు. కరువల్లా తెలివికే. గుట్టల మీద శత్రువు జాడ ముక్కు చెప్పేది. లంకలో తడిగాలి నాలుగు వైపులా తిరిగి వాసనలన్నీ కలిపేసేది. అక్కడ కబుర్లు చెప్పేది నేల. ఎవరు వచ్చారు, ఎటు పోయారు, ఆకలితో పోయారా, కడుపు నిండి పోయారా, అంతా బురదలో రాసి ఉండేది. లంకలో పుట్టిన పందులూ గేదెలూ అది చదువుకునే అడుగు వేసేవి. రాతి మీద పుట్టిన మేకలకు అది పరాయి భాష.

వచ్చిన కొత్తలోనే ఒక పడుచు మేక రేవులో నీళ్ళు తాగబోయింది. రేవు నిండా మొసలి పొట్ట ఈడ్చిన గీత ఇంత లావున రాసి ఉంది. 'దారి నున్నగా భలే ఉందే!' అనుకుని ఆ గీత వెంటే దిగింది. మరి ఎక్కలేదు.

మంద అంతా ఒడ్డున చేరి గోలపెడుతుంటే, నీళ్ళ మధ్య ఉన్న గడ్డి దిబ్బ మీంచి ఒక గొంతు వినిపించింది.

"అక్షరం ముక్క రాకపోతే ఇంతే నాయనా! ఇంతే!"

చూస్తే నక్క. మేకలన్నీ ఒక్కసారిగా కొమ్ములు వంచాయి.

"ఆగండమ్మా, కొమ్ములు పైకెత్తండి. నక్కనే, కాదనను. కానీ పళ్ళు కదిలిపోయాయి, కీళ్ళు పట్టేశాయి. నత్తలు చప్పరించి బతుకుతున్నాను. పేరు శాంతయ్య. ఈ లంక భాష ఆమూలాగ్రం తెలిసినవాణ్ణి. నాతోపాటే అది మట్టిలో కలిసిపోతుందని నా దిగులు. మీకు చెప్పి పోతే పుణ్యం."

"మేకలకు నక్క చదువు చెప్పడమా! తవుడు కాపలాకి పందిని పెట్టినట్టే ఉంది," అంది చుక్కి. దానికి ఈమధ్యే కవల పిల్లలు పుట్టాయి.

"నీ భయం నాకు తెలుసమ్మా. అందుకే ఈ దిబ్బ దిగను. నేనిక్కడ, మీరక్కడ, నడుమ నీళ్ళు. సరేనా?"

మందపెద్ద కొమ్ములరాయుడు గడ్డం ఊపాడు. మేకపోతు గాంభీర్యం అంటారే, అది రాయుణ్ణి చూసే పుట్టి ఉంటుంది. "చెప్పేవాడి చదువు చూడాలి గాని జాతి చూడకూడదు. పంతులు గారూ, మొదలుపెట్టండి," అన్నాడు.

అలా బడి మొదలైంది. తెల్లారేసరికి ఒడ్డున ఎవరెవరు తిరిగి ఉంటే అదే ఆ పూట పాఠం. పంతులు దిబ్బ మీంచి మూతి చాపి చూపించేవాడు.

"రెండు డెక్కలు, వెనక రెండు చుక్కలు?"

"పంది!"

"నడుమ తోక గీత, అటూ ఇటూ గోళ్ళు?"

"ఉడుము!"

అందరికంటే పెద్దగా అరిచేవాడు రాయుడు. ఒకసారి వింటే చాలు, నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. అందరికంటే వెనక బొల్లవ్వ ఉండేది. చుక్కి తల్లి, మందలోకెల్లా ముసలిది. నిన్నటి పాఠం ఇవాళ్టికి ఉండేది కాదు. ఉడుమును పంది అనేది, పందిని కొంగ అనేది. చిన్నమేకలు పడీపడీ నవ్వేవి.

"చదవేస్తే ఉన్న మతి పోయినట్టుంది, అత్తా!" అనేవాడు రాయుడు.

"ఉంటే కదరా నాయనా పోవడానికి," అని తనూ నవ్వేది. కానీ సందెవేళ ఒంటరిగా ఒడ్డున నిలబడి ఒక్కో గుర్తూ చూసుకుంటూ, పోయిన మాట కోసం తలంతా వెతుక్కునేది. రేపు కూతురి పిల్లల్ని వెంటబెట్టుకుని పోయేటప్పుడు, దారిలో ఏ గుర్తు దగ్గర తన మతి పోతుందోనని దాని భయం.

ఒకనాటి పొద్దున ఒడ్డున కొత్త గుర్తు కనిపించింది. నడుమ మెత్తని దిమ్మ, దాని ముందు నాలుగు వేళ్ళు, వేళ్ళ చివర సన్నని గోళ్ళ పోట్లు.

"పంతులు గారూ, ఇదేమిటండీ?"

శాంతయ్య ఈ ప్రశ్న కోసమే బడి పెట్టినట్టున్నాడు. కళ్ళు అరమోడ్చాడు. "అదా? ఈ లంకలోకెల్లా పుణ్యమైన మాట అది. 'కాపలా' అని అర్థం. అది ఎక్కడ ఎక్కువగా కనబడితే అక్కడ పిల్లల్ని నిశ్చింతగా వదిలిపెట్టి మేతకు పోవచ్చు."

"కాపలా! కాపలా! కాపలా!" అని మంద అంతా వల్లె వేసింది.

మర్నాటికి బొల్లవ్వ అది కూడా మరిచిపోయింది. వెళ్ళి అడిగితే పంతులు విసుక్కున్నాడు.

"నీకు ఎన్నని చెప్పను అవ్వా! నీ బుర్ర జల్లెడ."

"జల్లెడే బాబూ. జల్లెడకు తగ్గ చదువేదైనా ఉంటే చెప్పు."

శాంతయ్య దొంగే కాని, చాలాకాలంగా పాఠం చెప్పి చెప్పి కొంత పంతులు కూడా అయిపోయాడు. మంచి ప్రశ్న అడిగితే ఊరుకోలేని జబ్బు పట్టుకుంది. "విను. ఒక మాట తెలియనప్పుడు దాని మొహంలోకే చూస్తూ కూర్చోకు. అటూ ఇటూ చూడు. దానికి ముందు ఏం రాసుంది? తర్వాత ఏం రాసుంది? అదిగో, ఆ మూడు వేళ్ళది ఏదో నీకు తెలియదు. నీళ్ళ అంచుకి వచ్చింది, అడుగులు దగ్గర దగ్గరగా పడ్డాయి, ఒకచోట లోతుగా దిగి ఆగింది. పక్కన చేప పొలుసులు. ఇప్పుడు చెప్పు, ఎవరది?"

"ఎవరో నాకేం తెలుసు? చేపకోసం దొంగజపం చేసే... ఆఁ! కొంగ!"

"చూశావా! నేను చెప్పానా? నువ్వే చదివావు!" పంతులి మొహం వెలిగిపోయింది. పాపం, ఆ ఒక్క పూటా అతను నిజంగా పంతులే.

ఇక బొల్లవ్వకు కొత్త కాళ్ళు వచ్చినట్టయింది. మాటల్ని గుర్తుపెట్టుకోవడం మానేసి, చూసిన ప్రతిసారీ కొత్తగా చదువుకోవడం మొదలుపెట్టింది.

అంతలో శాంతయ్య పరీక్ష చాటించాడు. "రేపు పొద్దున తల్లులందరూ కాపలా గుర్తు ఎక్కువున్న చోటు మీ అంతట మీరే చదివి పట్టుకోవాలి. పిల్లల్ని అక్కడ వదిలి అవతలి ఒడ్డుకి మేతకు పోవాలి. వెనక్కి తిరిగి చూసినవాళ్ళు తప్పినట్టే. నమ్మకం లేని చదువు చదువే కాదు."

చుక్కి ఆ సాయంత్రమే రెల్లుపొద పక్కన అలాంటి చోటు కనిపెట్టి, తల్లిని లాక్కెళ్ళి చూపించింది. "చూడమ్మా, ఎన్ని ఉన్నాయో! రేపు నా పిల్లలు ఇక్కడే."

"ఈ మాట ఏమిటే? నాకు గుర్తులేదు."

"కాపలా అమ్మా, కాపలా!"

బొల్లవ్వ మాట వదిలేసి అటూ ఇటూ చూసింది. నీటికోడి అడుగులు తీరిగ్గా వచ్చాయి. పొద వైపు నుంచి ఆ నాలుగు వేళ్ళది వచ్చింది. కోడి అడుగులు దూరం దూరమయ్యాయి. రెక్కలు బురదను కొట్టిన చారలు. నాలుగు ఈకలు. అక్కడి నుంచి నాలుగు వేళ్ళది ఒక్కటే వెళ్ళింది.

"ఏమే, కాపలా అయితే కోడి ఏదే?"

వెనకే మందతో వచ్చిన రాయుడు అందుకున్నాడు. "కాపలావాడు దాన్ని ఎత్తుకుని ఇంటి దగ్గర దిగబెట్టి ఉంటాడు. పాఠంలో లేనివి అడగకు అత్తా."

"ఈకలు ఇక్కడ వదిలేసి దిగబెట్టాడా?"

"నిన్నటి మాట నేటికి గుర్తుండనిదానివి, నువ్వు పంతులు గారికి తప్పులు దిద్దుతావా?"

మంద అంతా నవ్వింది. చుక్కి కూడా సిగ్గుపడి, "ఊరుకోమ్మా," అంది. బొల్లవ్వ ఊరుకుంది. మతిమరుపుదాని మాట ఎవరు వింటారు? తన కళ్ళు చదివింది ఇంకొకరి కళ్ళ చేత చదివించాలి, అదీ రేపు పొద్దుటిలోగా. చాలాసేపు గడ్డి నెమరేసి, ఉన్నట్టుండి రాయుడి దగ్గరికి వెళ్ళింది.

"నాయనా, చదువు ముగిసింది కదా. గురువు కాళ్ళు కడగకుండా పరీక్షకు పోతే శుభమా?"

రాయుడు నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, అంత మాట ఎలా మరిచిపోయాం! గురుపూజ! ముందు గురుపూజ, తర్వాతే పరీక్ష!"

"రెల్లుపొద దగ్గరైతే నేల నున్నగా ఉంటుంది. పిల్లల్ని కూడా వరసగా నిలబెడదాం, దీవెనలు తీసుకుంటారు," అంది బొల్లవ్వ.

పొద్దున్నే రాయుడు వెళ్ళి పిలిస్తే శాంతయ్య గతుక్కుమన్నాడు. "నేను దిబ్బ దిగనని మాటిచ్చానే!"

"ఆ మాట శిష్యుల కోసం ఇచ్చారు, శిష్యులే పిలుస్తున్నారు. తమ పాదాలు కడగకపోతే మా చదువు పండదు!"

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే రకం శాంతయ్య. తన కాళ్ళే ఒకరు పట్టుకుంటానంటే ఇదే మొదటిసారి వినడం. పైగా ఒడ్డున పిల్లలన్నీ లేతగా, వరసగా నిలబడి ఉన్నాయి. ఈదుకుంటూ వచ్చేశాడు.

రాయుడు తామరాకులో నీళ్ళు తెచ్చి భక్తిగా పాదాలు కడిగాడు. శాంతయ్య కళ్ళు మూసుకుని, "శుభమస్తు," అంటూ పిల్లల వైపు ఒక అడుగు వేశాడు. ఆ అడుగు తడి బురదలో అచ్చు గుద్దినట్టు పడింది. నడుమ దిమ్మ, ముందు నాలుగు వేళ్ళు, చివర గోళ్ళ పోట్లు.

వల్లె వేసిన నోళ్ళు ఊరుకుంటాయా? మంద అంతా ఒక్క గొంతుతో, "కాపలా!" అని అరిచింది.

అరిచాక అందరి కళ్ళూ గుర్తు మీంచి కాలి మీదికి, కాలి మీంచి తోక మీదికి పాకాయి.

శాంతయ్య తేరుకున్నాడు. "దాచిపెడదామనుకున్నాను, తెలిసిపోయింది. అవును, ఆ కాపలావాణ్ణి నేనే. చేసిన మేలు చెప్పుకోవడం నాకు గిట్టదు."

రాయుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎంత గొప్ప మనసండీ!"

"గొప్పదే," అంది బొల్లవ్వ. "చుక్కీ, నీ కాళ్ళ దగ్గర ఆ వరస ఒక్కసారి పైకి చదవవే. పంతులు గారు వింటారు."

చుక్కి తల వంచి చదివింది. "నీటికోడి వచ్చింది... పంతులు గారు వచ్చారు... కోడి పరిగెత్తింది... రెక్కలు కొట్టుకుంది..." ఈకల్ని ముక్కుతో కదిపి చూసింది. "పంతులు గారు వెళ్ళారు."

మరుక్షణం అది తన పిల్లలకూ నక్కకూ మధ్య నిలబడి ఉంది, కొమ్ములు వంచి. తక్కిన తల్లులు కూడా వంచారు. పీఠం మీద కూర్చోవలసిన గురువును అంతమంది శిష్యులు ఒక్కసారిగా కొమ్ముల మీదే కూర్చోబెట్టారు.

మర్నాడు బొల్లవ్వ ఒడ్డున ఒక గుర్తు దగ్గర ఆగింది. నాలుగు అడుగుల్లో ఒకటి కుంటుతోంది.

"ఇదెవరిదే చుక్కీ? నాకు గుర్తులేదు."

"పంతులు గారిదమ్మా."

"ఎటు పోయింది?"

"ఏట్లోకి."

"మళ్ళీ వచ్చిందా?"

"రాలేదు."

"అయితే గుర్తుపెట్టుకోనక్కరలేదులే," అని బొల్లవ్వ మేతకు పోయింది.

నీతి: పాఠం చెప్పినవాణ్ణి కూడా చదవగలిగితేనే అది చదువు.

అమ్మాయ్ సుభాషిణీ, అచ్చుకి పంపేముందు మేకల పేర్లు ఎక్కడైనా మారిపోయాయేమో ఒకసారి సరిచూడు. నక్క పేరు మాత్రం అదే, అది నాకు బాగా గుర్తు.