ఎర్రగెడ్డకు తాడు కట్టిన దాలినాయుడు

తాళ్ల దాలినాయుడు వరదలో కొట్టుకుపోయాడని చెబుతారు. దిగువలసలో చెప్పేవాళ్ళు ఆయన తెగిన తాడును పళ్ళతో కరిచిపట్టుకున్నాడంటారు. పాకలపేటలో చెప్పేవాళ్ళు నడుముకు చుట్టుకున్నాడంటారు. సంతలో చెప్పేవాళ్ళయితే ఆయనే తాడుగా మారిపోయాడంటారు. మూడూ వినడానికి బాగుంటాయి. మూడింటికీ ముగింపు ఒక్కటే: మంత్రసాని గట్టెక్కింది, దాలినాయుడు గెడ్డపాలయ్యాడు. పేచీ అంతా ఆ ముగింపుతోనే.

జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం.

ఎర్రగెడ్డ అనే ఆ వాగు మీద వంతెన లేని రోజుల్లో, వాన కురిస్తే ఏ గట్టు మనిషి ఆ గట్టునే ఆగిపోయే రోజుల్లో, ఇవతల దిగువలస ఉండేది, అవతల పాకలపేట ఉండేది. మంత్రసాని సన్యాసమ్మ దిగువలస మనిషి. పాకలపేటలో మంత్రసాని లేదు. ఎండాకాలంలో పుట్టే బిడ్డకు అది లోటు కాదు. వానాకాలంలో పుట్టే బిడ్డకు అదే ప్రాణగండం.

దిగువలసలో లెంకవారి దాలినాయుడు కుర్రతనంలోనే పటాలంలో చేరి సముద్రం దాటి వెళ్ళాడు. అక్కడ ఆయన తుపాకీ పట్టింది తక్కువ. కందకాలు తవ్వింది, ఏళ్ళ మీద వంతెనలు కట్టింది ఎక్కువ. పెద్ద యుద్ధం ముగిశాక ఇంటికి వచ్చాడు. వచ్చిన మర్నాడే గెడ్డ దాటి, పాకలపేట కోడలైన చెల్లెలు ముత్యాలును చూడబోయాడు. ఉయ్యాల కట్టి ఉంది. ఉయ్యాలలో బిడ్డ లేదు.

"సన్యాసమ్మ ఆ గట్టు మీదే నిలబడిపోనాది అన్నియ్యా. నాకు కనిపిస్తానే ఉంది. గెడ్డ దాటనేకపోనాది," అంది ముత్యాలు.

దాలినాయుడు దిగువలసకు తిరిగి వచ్చి, పటాలం ఇచ్చిన సొమ్ముతో గోగునార తాళ్ల కొట్టు పెట్టాడు. పగ్గాలు, పలుపులు, మంచాల నులక అమ్మి తాళ్ల దాలినాయుడయ్యాడు. పొద్దు వాలాక గెడ్డ గట్టున కూర్చుని నీళ్ళ వెడల్పు చూసేవాడు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తాడు కట్టాలి. తాడుకు ఇనుప కడియం, కడియానికి తెప్ప తగిలించాలి. ముత్యాలు మళ్ళీ పురుడు పోసుకునే నాటికి మంత్రసాని గెడ్డ దాటాలి. ఆయనకు కావలసింది అంతే.

మొదటి వానాకాలం ముందు తాడు కట్టాడు. వీణ తీగలా బిగించి కట్టాడు. వాన కురిసింది. తాడు ఇంకా బిగుసుకుంది. బిగుసుకుని బిగుసుకుని, అవతలి గుంజను మొదలంటా పెరికింది. గెడ్డ తన పని చేసింది.

ఆయన భార్య అసిరమ్మ అరుగు మీద కూర్చుని పగలబడి నవ్వింది. "ఏటి మావా! కొత్తమంచానికి నీళ్లు జల్లండి, నులక బిగుసుకుంటాది అని ఊరందరికీ సెప్పీది నువ్వే కదా! గెడ్డ మీదున్న తాడు మాత్రం తడవదేటి?"

దాలినాయుడు నెత్తి గోక్కున్నాడు. పటాలంలో ఆయన కట్టింది ఇనుపతాళ్ళు. ఇనుము తడిసినా బిగుసుకోదు. నార బిగుసుకునే సంగతి తెలియక కాదు, తెలిసీ మరిచాడు. ఆయన మళ్ళీ నార పేనడం మొదలుపెట్టాడు.

రెండో వానాకాలం ముందు తాడు వదులుగా కట్టాడు. వాన కురిసింది. తాడు బిగుసుకున్నా ఇంకా నడుమ వేలాడుతూనే ఉంది. వరదలో వచ్చిన మాను ఒకటి దానిలో చిక్కుకుని తాడునంతా ఊడలాక్కుపోయింది. గెడ్డ తన పని చేసింది.

ఊరిపెద్ద తవిటినాయుడు సంతలో అందరి ముందూ అడిగాడు. "ఏటి సిపాయీ, జెర్మనీవోడు వొంగినాడు గానీ గెడ్డ వొంగనేదా?"

"దాన్ని వొంగమని నాను అన్నేదు బావూ. దాని దారిన అది పోతాది, నా తాడు పైనుంచి పోతాది."

"ఎప్పుడో?"

"వచ్చే వానలకి."

ఆయన మళ్ళీ నార పేనడం మొదలుపెట్టాడు. కానీ ఈసారి ఒక విషయం తేలిపోయింది. తాడును కట్టి వదిలేస్తే కుదరదు. వాన పడినప్పుడు వదలాలి, ఎండ కాసినప్పుడు బిగించాలి. ఒక గట్టువాళ్ళు తాడు చూసుకోవాలి, మరో గట్టువాళ్ళు తెప్ప లాగాలి. అంటే పాకలపేటవాళ్ళు చెయ్యి వేయాలి. పాకలపేటవాళ్ళు పెళ్ళికీ పురిటికీ తప్ప దిగువలస ముఖం చూడరు.

దానికి కారణం గోగు. కోసిన గోగుకట్టలను నీళ్ళలో ఊరబెడితే గాని నార రాదు. దిగువలసవాళ్ళు తరతరాలుగా గెడ్డలోనే ఊరబెట్టేవాళ్ళు. ఆ కుళ్ళు నీళ్ళు పాకలపేట రేవులోకి పోయేవి. వాళ్ళు తాగేది ఆ నీళ్ళే.

"మీ కంపు మేం తాగాలి, మీ తాడు మేం లాగాలా? నడు, నడు!" అన్నారు పాకలపేటవాళ్ళు.

దాలినాయుడు కొట్టు ముందు నిలబడి ఊరందరికీ చెప్పాడు: గెడ్డలో ఊరిన నార ఇకమీద కొనను.

"మా నార కొనకపోతే ఏటమ్ముతావు, గాలా?" అన్నాడు తవిటినాయుడు.

దాలినాయుడు గునపం పట్టుకుని తన మెట్టపొలంలోకి పోయాడు. కందకాలు తవ్విన చేతులవి. ఒక గొయ్యి తవ్వాడు. నవ్వారు. రెండో గొయ్యి తవ్వాడు. నవ్వడం మానేశారు. మూడో గొయ్యి తవ్వేసరికి అసిరమ్మ తట్ట పట్టుకుని వచ్చింది. గోతుల్లోకి నీళ్ళు పెట్టి, "ఎవరి గోగయినా ఇక్కడ ఊరబెట్టుకోండి" అన్నాడు. ఆ ఏడు కొట్టు సగం ఖాళీగా ఉంది. దూరపు సంతకు నార మోసి మోసి భుజాలు కాయలు కాచినవాళ్ళు ఒక్కొక్కరే గోతుల దగ్గరికి వచ్చారు. ఆఖరున తవిటినాయుడి బండి వచ్చింది. బండి మీద తవిటినాయుడు లేడు, కట్టలు మాత్రమే ఉన్నాయి. దాలినాయుడు ఏమీ అడగకుండా దింపించాడు.

వేసవిలో పాకలపేట రేవులో నీళ్ళు తేటపడ్డాయి. వాళ్ళే వచ్చి అవతలి గుంజ పాతారు.

మూడో వానాకాలం వచ్చింది. శ్రావణంలో ముసురు పట్టిన రోజు, పొద్దున్నే, అవతలి గట్టు నుంచి కేక వినిపించింది. ముత్యాలుకు నొప్పులు మొదలయ్యాయి.

సన్యాసమ్మ తెప్ప ఎక్కింది. "ఒరే దాలిగా, నాను మునిగితే నీ పెళ్ళానికి పురుడెవుడు పోస్తాడు, నువ్వా?" అంటూనే ఎక్కింది.

"వదిలారా?" అని అవతలివాళ్ళు కేకేశారు.

"వదిలాం!" అన్నాడు దాలినాయుడు. వాళ్ళు లాగారు.

నడిగెడ్డలో ఉండగా వాన జడివాన అయింది. తాడు బిగుసుకుని గుంజ కిర్రుమంది. అవతల ఎక్కడో ముత్యాలు అరిచింది. నీళ్ళ హోరులో కూడా ఆ అరుపు అన్నకు వినిపించింది. దూకేద్దామనిపించింది. ఒక్క క్షణం పాదం కదిలింది కూడా. దూకితే తాడు ఎవరు వదులుతారు? ఆయన పాదాన్ని వెనక్కి తీసుకుని బురదలో తొక్కిపెట్టాడు. చేతులు ఒరుసుకుపోతున్నా తాడును జానెడు జానెడుగా వదిలాడు.

"వదిలారా?"

"వదిలాం!"

ఎగువన మాను ఒకటి దొర్లుకుంటూ వస్తోంది. "ఆపండి!" అని అరిచాడు. అవతలివాళ్ళు ఆపారు. మాను తెప్ప ముందు నుంచి సాగిపోయింది. సన్యాసమ్మ దాలినాయుడి ఏడు తరాలనూ తిట్టింది. తిట్టు వినబడిందంటే మనిషి ఉన్నట్టే.

"వదిలారా?"

"వదిలాం!"

గెడ్డ తన పని చేసింది. దాలినాయుడు తన పని చేశాడు.

మధ్యాహ్నానికి అవతలి గట్టు మీద ఎవరో గంతులేశారు. "ఆడపిల్ల! తల్లీ పిల్లా బాగున్నారు!" అప్పుడు ఆయన తాడును గుంజకు ముడివేసి, గట్టు మీదే కూలబడ్డాడు. అంతే. నీళ్ళలోకి దిగనే లేదు.

ఆ తర్వాత బతికిన బతుకు చాలా పెద్దది. ఏటా జ్యేష్ఠంలో పాత తాడు తీసి తన కొట్టు నుంచి కొత్త తాడు కట్టాడు. బడికి పెంకులు వేయించాడు. వంతెన కావాలని అర్జీ మీద అర్జీ పెట్టి, కచేరీ మెట్లు అరిగేలా తిరిగాడు. ముసలితనంలో సంతలో ఎవరో తన చావు కథే తనకు చెబుతుంటే, చివరిదాకా విని, "పాపం, మంచోడే. మరి ఈ నార తూస్తన్నది ఎవుడంటావు?" అన్నాడట.

ఈనాటికీ తొలి చినుకు పడగానే పాకలపేట పిల్లలు గెడ్డ గట్టున నిలబడి "వదిలారా?" అని కేకేస్తారు. దిగువలస నుంచి ఎవరో ఒకరు "వదిలాం!" అనేదాకా ఇంటికి పోరు. ఆ రెండు ఊళ్ళలో ఏ ప్రారంభానికీ రిబ్బను కత్తిరించరు. గోగునార తాడు కట్టి, ఊళ్ళో పెద్దవయసు మనిషి చేత ముడి విప్పిస్తారు.

సన్యాసమ్మ గెడ్డ దాటిన వరద 1921 నాటిది. వంతెన మొదటి స్తంభం మీది రాయిలో చెక్కి ఉన్నది ఇది: "ముడి విప్పినవారు లెంక దాలినాయుడు, మాజీ సిపాయి, తాళ్ల వర్తకుడు. 14 జూన్ 1964."