చెవులు కదలని తరగతి

ఇప్పలమడుగు అడవిలో దుప్పులు, కొండముచ్చులు, నెమళ్లు ఉండేవి. ఎవరి కంటా పడకుండా ఒక చిరుత కూడా ఉండేది. అందుకే అక్కడి దుప్పిపిల్లల బడిలో ఒకటే పాఠం: చిరుత వస్తే ఏం చేయాలి?

ఆ పాఠం వెన్నెల అనే దుప్పి చెప్పేది. అది చెబుతున్నంతసేపూ పిల్లలు గడ్డి కొరికేవారు, ఒకరినొకరు కుమ్ముకునేవారు.

ఒకరోజు దండపాణి అనే కొండముచ్చుకు, అడవి చూడవచ్చినవాళ్లు మరచిపోయిన ట్యాబ్ దొరికింది. ఛార్జింగుకు మడుగు దగ్గర సోలార్ పంపు ఉంది, గుట్ట మీద సిగ్నల్ ఉంది. ఇంకేముంది, దండపాణి మాస్టారైపోయాడు. పొద్దున్నే చిరుత వీడియోలు పెట్టి, తోక వేలాడేసి కింది కొమ్మ మీద పడుకునేవాడు. పిల్లలు రెప్ప వేయకుండా చూసేవారు. తరగతిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేది. తల్లులంతా మురిసిపోయారు.

వెన్నెలకు మాత్రం మేత సయించలేదు. తన కూతురు రేల కూడా ఆ తరగతిలోనే ఉంది. ఏదో తప్పు జరుగుతోంది, అదేమిటో తెలియదు. నెమరు వేయడం కూడా మరచిపోయి అటూ ఇటూ తిరిగింది.

ఒక పొద్దున ఎండుకొమ్మ ఒకటి పిల్లల వెనకే ఫెళ్లున విరిగిపడింది. ఒక్క చెవి కదలలేదు. తప్పేమిటో వెన్నెలకు అప్పుడు తెలిసింది, దండపాణి దగ్గరికి వెళ్లింది.

“మాస్టారూ, మధ్యమధ్య ఆపి పిల్లల్ని అడగండి. లేపి పరిగెత్తించండి,” అంది.

“నీ పాఠం ఎవరూ వినరని నా వీడియో మీద పడ్డావా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది,” అని దండపాణి నవ్వాడు.

వెన్నెల బతిమాలి, సాయంత్రాలు ట్యాబ్ అడిగి తీసుకుంది. రేల, మరో ఇద్దరు ముగ్గురు పిల్లలే వచ్చారు. వీడియోలో చిరుత గడ్డిలో నక్కే చోట వెన్నెల ఆపేది. గాలి ఎటు వీస్తోంది, వెనక ఏం వినిపిస్తోంది అని అడిగేది. కాలు నేలకేసి కొట్టించి, అరిపించి, మడుగు దాకా ఉరికించేది. అసలు కథ చూడనివ్వడం లేదని పిల్లలు సణిగారు.

వేసవి ముదిరింది. ఒక పొద్దున ఎండుగడ్డి గరగరమంది. అది వీడియోలో చప్పుడే అనుకుని, దండపాణి కళ్లు తెరవకుండానే చెయ్యి చాచి సౌండ్ తగ్గించాడు. ట్యాబ్ పక్కనే నిజమైన చిరుత లేచి నిలబడింది. బొమ్మ పెద్దదైందని పిల్లలు సంబరపడ్డారు.

“కాస్త పక్కకి జరగరా, కనబడట్లేదు,” అని ఒక పిల్ల పక్కవాణ్ణి తోసింది.

రేల చెవులు మాత్రం అప్పటికే ఆ చప్పుడు వైపు తిరిగాయి. కాలు నేలకేసి కొట్టి గట్టిగా అరిచింది. ఆ అరుపుకు సాయంత్రం తరగతి పిల్లలు ఉరికారు, మిగతావాళ్లు వాళ్ల వెంట పడ్డారు. చిరుతకు చిక్కింది దండపాణి తోక ఒక్కటే. అందులో సగం దాని నోట్లోనే ఉండిపోయింది.

ఆ ట్యాబ్‌ను మడుగులో పారేయమని తల్లులు పట్టుబట్టారు. వెన్నెల రేలను నాకుతూనే వద్దంది.

“అది చూపిస్తుంది, అంతే. ఆపి అడగాల్సింది మనమే.”

మర్నాటి నుంచి తరగతి నిండా గోలే. వెన్నెల వీడియో ఆపినప్పుడల్లా, మొండితోక దండపాణి పై కొమ్మ మీద నుంచి ఒక ఎండుపుల్ల పిల్లల వెనక్కి విసిరేవాడు. చెవులన్నీ ఒక్కసారిగా అటు తిరిగేవి.

నీతి: కళ్లప్పగించి చూసినంత మాత్రాన పాఠం వచ్చినట్టు కాదు, ఆపి అడిగే గురువు, లేచి చేసే శిష్యుడు ఉంటేనే చూసిన చదువు అక్కరకొస్తుంది.