సావిడాయికి కళాయి

ఒకప్పుడు సావిడాయి చేపకి మెరుపనేదే లేదు. ఇప్పుడు బజార్లో తళతళలాడుతూ బెల్టులా చుట్టచుట్టి పెడతారే, పట్నంవాళ్ళు రిబ్బన్ చేప అంటారే, అదేనర్రా! అప్పట్లో దాని ఒళ్ళంతా బురద రంగు. తోకేమో విసనకర్రంత. అన్ని చేపల్లాగే అడ్డంగా ఈదేది. దాన్ని చూసి "బాగున్నావే" అన్న పాపాన ఎవరూ పోలేదు.

ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున ఎల్లాజీ అనే జాలరి ఉండేవాడు. మంచివాడే గానీ ఒట్టి తొందరపాటు మనిషి. ఆ ఏడు ఎలకలు దూరి అతని వలని కొరికి పోగులు పెట్టేశాయి. కొత్త వల అల్లడమంటే మాటలా? వానాకాలం దాటిపోతుంది. అందాకా గాలమే దిక్కు.

అతను గాలానికి రొయ్యని గుచ్చి నీళ్ళలోకి వదిలేవాడు. చేపలేమో రొయ్యని ఒడుపుగా ఒలుచుకు తినేసి, ఉత్త గాలాన్ని పైకి పంపేసేవి. అంతటితో ఊరుకున్నాయా?

"ఇంకోటి పంపు బావా! ఈసారి కాస్త లావుపాటిది!" అని కిందనుంచి కేకలు కూడా వేసేవి.

ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవడం లేదు. పిల్లలిద్దరూ గంజినీళ్ళు తాగి, కడుపు పట్టుకుని పడుకుంటున్నారు. వాళ్ళని చూస్తే ఎల్లాజీకి గుండె తరుక్కుపోయేది.

"చేపలకి రొయ్యలు మేపి వస్తున్నావు కదా మావా, ఆ రొయ్యలేవో నాకిస్తే ఇగురైనా పెట్టేదాన్ని!" అంది అతని పెళ్ళాం కొర్లమ్మ.

ఆమె అన్నదాంట్లో తప్పేముంది?

ఒకనాడు గుచ్చడానికి రొయ్యలు కూడా లేవు. ఎల్లాజీ ఒడ్డున దిగాలుగా కూర్చున్నాడు. పక్కనే కొర్లమ్మ మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఇసకతో పళ్ళెం తోముతోంది. ఎండ పడి పళ్ళెం ధగధగ మెరిసింది. అంతే, బోలెడు చేపపిల్లలు బిలబిలమంటూ వచ్చి పళ్ళెం చుట్టూ మూగాయి. తినడానికి కాదు, ఊరికే చూడ్డానికి!

"ఓరి వీటి సోకు తగలెయ్య! వీటికి కడుపు నిండింది, ఇప్పుడు మెరుపు కావాలన్నమాట!" అనుకున్నాడు ఎల్లాజీ. లేచి ఒక్క పరుగున ఇంటికెళ్ళాడు.

ముందు చేతికందింది చెంబు మీది మూత. దానికి చిల్లు పొడిచి, గాలం తగిలించి, తాడు కట్టి నీళ్ళలో వేశాడు. అది గిరగిరా తిరిగి తాడుని మెలేసిందే తప్ప ఒక్క చేపనీ పట్టలేదు. తరవాత చెంచాని సాగగొట్టాడు. అది మరీ తేలిక. అలల మీద అటూ ఇటూ కొట్టుకుపోయింది గానీ కిందికి దిగనంది.

ఇక మిగిలింది గరిటె.

అది అలాంటిలాంటి గరిటె కాదు. కొర్లమ్మకి వాళ్ళమ్మ ఇచ్చిన ఇత్తడి గరిటె. మొన్ననే కళాయి వేసే గఫూర్ సాయిబు దానికి తగరం పూత పూసి, వెండి గరిటెలా చేసి ఇచ్చాడు. కొర్లమ్మ దాన్ని చూసుకుని మురిసిపోయేది. వండడానికి ఏమీ లేకపోయినా రోజూ తుడిచి పెట్టుకునేది.

ఎల్లాజీ ఇటు చూశాడు, అటు చూశాడు. కొర్లమ్మ నీళ్ళకని బయటికెళ్ళింది. గరిటె తీసుకుని పెరటి గుమ్మం నుంచి జారుకున్నాడు.

కాడని బండ మీద పెట్టి విరిచాడు. దాన్ని సుత్తితో నెమ్మదిగా కొట్టి, మధ్యలో లావు, చివర సన్నం వచ్చేలా చేప ఆకారానికి తెచ్చాడు. పూత పోకుండా సుత్తి కింద గుడ్డ పెట్టి మరీ కొట్టాడు. అంచుల్ని ఆకురాయితో నున్నగా అరగదీశాడు. మేకుతో రెండు కొసలా చిల్లులు పొడిచి, పై చిల్లుకి తాడు, కింది చిల్లుకి గాలం కట్టాడు. తెప్ప మీద లోపలికెళ్ళి దాన్ని నీళ్ళలో వదిలాడు.

అబ్బ, ఏం దిగింది! సరసరా కిందికి జారింది. తాడుని ఎగదీస్తే చివ్వున లేస్తుంది, వదిలితే తళుక్కుమంటూ పడుతుంది. నిటారుగా నిలబడి చిందులే చిందులు!

అప్పుడే ఆ దారినే పోతున్న సావిడాయి దాన్ని చూసి నోరు వెళ్ళబెట్టింది.

"ఎవరమ్మా ఈ అందగత్తె? మనమేమో పొట్ట మీద పాకుతున్నాం, ఇదేమో దర్జాగా నిలబడే ఉంది!" అంటూ దగ్గరికెళ్ళింది. ఇంకా దగ్గరికెళ్ళింది. మూతి పెట్టి ముట్టుకుంది. గాలం కాస్తా పెదవికి గుచ్చుకుంది.

ఎల్లాజీ పైకి లాగాడు. మూరలకి మూరలు వస్తూనే ఉంది చేప! అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈ పూట నా పిల్లలు కడుపునిండా తింటార్రా దేవుడా!" అన్నాడు.

"ఆగాగు బావా!" అంది సావిడాయి. "నన్ను తింటే ఒక్క పూటే. రేపేం తింటావు? నాకు ఆ అందగత్తె మెరుపు ఇప్పించు. మా వాళ్ళందర్నీ నీ తెప్ప దగ్గరికి తోలుకొస్తాను. ఒట్టు!"

ఎల్లాజీ ఆలోచనలో పడ్డాడు. ఇప్పుడు పట్టుకెళ్తే ఈ పూట గడుస్తుంది. వదిలితే రోజూ గడవచ్చు, లేదా ఈ పూట కూడా పోవచ్చు. తొందరపాటు మనిషని చెప్పాను కదా! చేపని కుండెడు సముద్రం నీళ్ళలో వేసుకుని బయల్దేరాడు.

దారిలో కొర్లమ్మ ఎదురైంది. "ఇదేటి మావా, చేపని ఊరేగిస్తున్నావు? ముందు పొయ్యి మీద పెట్టు!"

"ఉండవే, దీనికి కళాయి వేయించాలి."

"కళాయా? చేపకా? నీకు గానీ ఎండదెబ్బ తగిలిందా?" అంటూనే ఆమె కంటికి తాడు చివరన వేలాడుతున్న గరిటె కాడ కనబడింది. "ఓలమ్మో! నా గరిటె!" అని పెట్టిన కేకకి చెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. ఎల్లాజీ కుండ పట్టుకుని లగెత్తాడు. వెనకే కొర్లమ్మా లగెత్తింది.

గఫూర్ సాయిబు కొలిమి ముందు కూర్చుని తిత్తి ఊదుతున్నాడు. సంగతంతా విని గడ్డం నిమురుకున్నాడు.

"కళాయి పట్టాలంటే గిన్నెని బాగా కాల్చాలి బాబూ. కాల్చాక తగరం రాచి, దూదితో తుడవాలి. దీన్ని కాలిస్తే కళాయి కాదు, వేపుడవుద్ది!"

"వద్దు వద్దు!" అని కుండలోంచి అరిచింది సావిడాయి. "కాల్చకుండానే పూయి తాతా! చల్లగా పూయి!"

"చల్లగా పూస్తే అంటుకుంటుంది గానీ గట్టిగా నిలవదు. ఎవరు ముట్టుకుంటే వాళ్ళకి అంటుకుపోద్ది. తరవాత నన్ననొద్దు మరి."

"అననులే, కానీ!"

సాయిబు తగరాన్ని మెత్తగా నూరాడు. చేప జారిపోతుంటే తోకని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, కుడి చేత్తో దూది పెట్టి తలనుంచి కిందిదాకా రుద్దాడు. రుద్దిన కొద్దీ చేప మెరిసింది. లాగిన కొద్దీ తోక సాగింది. విసనకర్రంత తోక తమలపాకంతయింది, వేపాకంతయింది, చివరికి దారమంతయి ఊరుకుంది. సావిడాయికి తోక గొడవే పట్టలేదు. తన ఒళ్ళు తాను చూసుకుని ఒకటే మురిసిపోవడం!

ఎల్లాజీ దాన్ని తీసుకెళ్ళి సముద్రంలో వదిలాడు. "మాట గుర్తుందిగా?"

"మాటా? ఏ మాట?" అంది సావిడాయి. "గరిటెలకీ చేపలకీ తేడా తెలియని నీతో నాకు మాటలేంటి?" అని ఒక్క మునక వేసి మాయమైపోయింది.

కొర్లమ్మ ఒడ్డున చతికిలబడింది. తిట్టడానికి కూడా ఓపిక లేదు పాపం. "గరిటె పోయింది, చేపా పోయింది. పిల్లలకి ఏం చెప్పను మావా?" అంది. ఎల్లాజీకి చచ్చినంత సిగ్గేసింది. ఆ పూటా గంజినీళ్ళే.

సముద్రంలో మాత్రం పండగే పండగ. సావిడాయి నీళ్ళలో నిటారుగా నిలబడింది. మెరిసేవాళ్ళు అలాగే నిలబడాలని దాని నమ్మకం మరి! చుట్టాలందరూ మూగారు.

"నాకూ కాస్త పూయవే!" అని ఒకటి, "నా వీపుకి రాయవే!" అని ఒకటి దాన్ని రాసుకుపోయాయి. చల్ల కళాయి కదా, రాసుకున్న ప్రతిదానికీ అంటింది. అంటించుకున్నవాటిని మరికొన్ని రాసుకున్నాయి. చూస్తుండగానే సావిడాయిల వంశమంతా వెండిలా తయారైంది. తోకలు లావుగా ఉంటే మోటుగా ఉందని, ఒకదాని తోక ఒకటి పట్టుకుని సాగదీసుకున్నాయి కూడా!

తెల్లారింది. ఎల్లాజీ మళ్ళీ తెప్ప ఎక్కాడు. ఎక్కక చస్తాడా, ఆకలి ఊరుకోదుగా. కొంతదూరం వెళ్ళి కిందికి చూశాడు. చూసినవాడు అలాగే ఉండిపోయాడు.

నీళ్ళ అడుగున ఎవరో వందల గరిటెలు నిలబెట్టినట్టు ఒకటే తళతళ! సావిడాయిలన్నీ తలలు పైకెత్తి, నిటారుగా నిలబడి, ఎండలో సోకు చూసుకుంటున్నాయి. నిన్నటిదాకా బురదలో బురదై ఎవరికీ కనబడని చేపలు! ఇప్పుడు ఆమడ దూరాన్నుంచి కనబడుతున్నాయి.

ఎల్లాజీ గరిటె కాడని వదిలాడు. "అదుగో మన చుట్టం!" అని చేపలన్నీ ఎగబడ్డాయి. లాగితే ఒకటి, లాగితే ఒకటి. తెప్ప నిండింది. ఆఖర్న పెదవికి గాయమున్న సావిడాయి పడింది. నిన్నటిదే!

"నీ దగ్గరికి ఎవర్నీ తోలుకురాలేదే! మమ్మల్ని ఎలా కనిపెట్టావు?" అంది అది బిత్తరపోయి.

"నువ్వు మాట తప్పావు గానీ, నీ మెరుపు తప్పలేదే!" అని ఎల్లాజీ పగలబడి నవ్వాడు. నవ్వి, గాలం తీసి దాన్ని నీళ్ళలోకి వదిలేశాడు. "పో, పోయి మిగతావాళ్ళకి కూడా పూసిరా!"

ఆ పూట ఇంట్లో పొయ్యి భగభగ మండింది. కొర్లమ్మ చేపల్ని కడుగుతుంటే చేతులు రెండూ వెండిలా అయిపోయాయి. ఆమెకి నవ్వాగలేదు. కొబ్బరి చిప్పకి పుల్ల గుచ్చి, దాంతోనే పులుసు కలిపింది. గఫూర్ సాయిబుకి గిన్నెడు పంపింది. పిల్లలిద్దరూ తిని తిని, కడుపులు డోలులా ఉబ్బి, కూర్చున్నచోటే నిద్రపోయారు. ఎల్లాజీ వాళ్ళని చూస్తూ కూర్చున్నాడు. అతనికి అన్నం సంగతే గుర్తు రాలేదు.

అప్పటినుంచే సావిడాయి వెండిలా మెరుస్తోంది. అప్పటినుంచే దాని తోక దారంలా సన్నగా ఉంటోంది, నీళ్ళలో అది నిటారుగా నిలబడుతోంది. ఇప్పటికీ దాన్ని పట్టుకుంటే ఆ తళుకు చేతికి అంటుకుంటుంది. అందుకే నాన్న సముద్రం నుంచి రాగానే జాలరి పిల్లలు పరుగున ఎదురెళ్ళి అరచేతులు చూస్తారు. అవి మెరిశాయా, "అమ్మా, పొయ్యి ముట్టించు!" అని అక్కణ్ణుంచే కేకేస్తారు.