పసుపుపచ్చ కుళ్ళాయి

ఇది చాలా చిన్న కథ. ఓబులేసు ఒక నిజం చెప్పాడు, అతని గురువు నెత్తిన కుళ్ళాయి పెట్టుకున్నాడు. అంతే. కాకపోతే ఓబులేసు చెప్పే నిజాలు ఎలాంటివో తెలియనివాళ్లకు ఇది అర్థం కాదు. అందుకని ముందు ఆ సంగతి చెప్పుకోవాలి.

మొదట్లో అతను కోనంపేట బజారులో ఒక కొత్త బట్టల కొట్లో పని చేసేవాడు. చీర విప్పి చూపించి, "నీకు బాగుంటుందక్కా. రెండు ఉతుకులకు రంగు దిగుతుంది" అని రెండు మాటలూ ఒకే గొంతుతో చెప్పేవాడు. యజమాని ఐదు నెలలు ఓర్చుకున్నాడు. అంత ఓర్పు తన దగ్గర ఒక్కపూట కూడా చూపించలేదని యజమాని భార్య ఇప్పటికీ అంటుంది. ఆరో నెలలో ఆయన చేతులు జోడించి, "నాయనా, నువ్వు ఏ గుడిలోనో దర్గాలోనో ఉండాల్సినవాడివి" అని పంపేశాడు.

గుడిలో పూజారికి నిజాలు పడవు. దాంతో ఓబులేసు కొండకింద దర్గాకు పోయి దస్తగిరి తాతకు శిష్యుడయ్యాడు.

తాత ఫకీరు. డెబ్బై ఎనిమిదేళ్లు. ఊళ్లు తిరిగి పిల్లలకు పొట్టివైపోయిన బట్టలు అడిగి తెచ్చేవాడు. ఉతికి, చిరుగులు కుట్టి, సోమవారం సంతలో గోనెపట్టా పరిచి అమ్మేవాడు. ఉపదేశం కావాలని వచ్చినవాళ్ల చేతికి చొక్కా ఇచ్చి గుండీలకు కాజాలు కుట్టమనేవాడు. చాలామందికి రెండో కాజా దగ్గరే జ్ఞానోదయమై ఇంటికి పోయేవాళ్లు. ఓబులేసు నాలుగేళ్లుగా కుడుతున్నాడు.

బట్టలు ఇచ్చేవాళ్లలోనూ రకాలున్నారు. హెడ్మాస్టరుగారి భార్య గుండీలన్నీ కోసి దాచుకుని చొక్కా ఇచ్చేది. ఉపసర్పంచి ఫొటో తీసే మనిషి వచ్చేదాకా ఇచ్చిన లాగును వదిలేవాడు కాదు. ఆ లాగును ఒక పక్క ఆయన, ఒక పక్క తాత పట్టుకుని నిలబడిన ఫొటో పంచాయతీ ఆఫీసు గోడ మీద ఉంది. చూస్తే ఇద్దరూ దానికోసం కొట్లాడుతున్నట్టు ఉంటుంది.

సరే, కుళ్ళాయి సంగతి.

ఆ చుట్టుపక్కల పుట్టిన బిడ్డకు కొత్త బట్ట తొడగరు. చక్కగా పెరుగుతున్న బిడ్డ ఎవరో విడిచిన బట్టే మొదట ఒంటికి తగలాలి. ఆ బిడ్డ ఆయుష్షు ఈ బిడ్డకు తోడవుతుందని నమ్మకం. అందుకే నెలలు నిండుతున్న ఆడవాళ్లు తాత పట్టా దగ్గరికి వచ్చి రంగు చూడరు, బేరం ఆడరు. "ఎవురి బిడ్డది? బాగుండాడా?" అని మాత్రం అడుగుతారు. జవాబు చెప్పడం ఓబులేసు వంతు. ఏ బట్ట ఏ ఇంటిదో అతనికి కంఠతా వచ్చు. అతని మాట మీద ఎవరికీ అనుమానం లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు, కాస్త ఎక్కువగానే తెలుసు.

పోయిన బిడ్డ బట్టలు మాత్రం ఎవరూ ఇవ్వరు. కాల్చేస్తారు.

ఆ వైశాఖంలో ఒక సోమవారం గంగరత్న సంతకు ఒక మూట తెచ్చింది. ఆమె బస్సు కండక్టరు భార్య. ఏడాదిన్నర కూతురు మాఘంలో జ్వరంతో పోయింది.

"కాల్చేయమన్నారు తాతా. చేతులు రాలేదు," అంది. "ఎవురో ఒక బిడ్డ ఒంటిమీద చూస్తే..." అని ఆగింది.

తాత మూట విప్పాడు. అన్నిటికన్నా పైన పసుపుపచ్చ ఉన్ని కుళ్ళాయి ఉంది. చెవుల మీదికి దిగే అంచులు, గడ్డం కింద ముడేసే దారాలు. గంగరత్న చేతి అల్లికే. తాత దాన్ని దులిపి పట్టాకు నడుమ పెట్టాడు.

"అయ్యా, దీని గురించి అడిగితే ఏం చెప్పేది?" అన్నాడు ఓబులేసు.

"నీకు తెలిసింది చెప్పు."

గంగరత్న ఇంకా లేవకముందే సుంకమ్మ వచ్చింది. పొరుగూరి మనిషి. ఏడో నెల. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. ఆమె చెయ్యి నేరుగా కుళ్ళాయి మీదికి పోయింది. దాన్ని చెంపకు ఆనించుకుంది.

"అన్నా, ఇది పెట్టుకున్న బిడ్డ బాగుండాదా?"

"లేదమ్మా. మాఘంలో పోయింది," అన్నాడు ఓబులేసు.

సుంకమ్మ కుళ్ళాయిని దుమ్ములో పడేసింది. చెంపను కొంగుతో తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. ఎర్రగా అయ్యేదాకా తుడుచుకుని వెళ్లిపోయింది.

గంగరత్న అదంతా చూసింది. లేచి నడిచింది. చెప్పులు అక్కడే ఉండిపోయాయి.

కాసేపటికి ఓబులేసు అన్నాడు: "నేను అబద్ధం చెప్పలేదయ్యా."

"చెప్పలేదు," అన్నాడు తాత.

ఆయన వంగి కుళ్ళాయి తీసి దుమ్ము దులిపాడు. నెత్తిన పెట్టుకున్నాడు. అది నడినెత్తి దాటి దిగలేదు. దారాలు గడ్డానికి అందలేదు. దారపు కండె నుంచి రెండు పోగులు తెంచి వాటికి కలిపి ముడేసుకున్నాడు. మళ్లీ సూది పట్టుకున్నాడు.

సంతలో నీడ ఉన్న జాగాలన్నీ కూరగాయలవాళ్లవి. తాత పట్టా మీద నిట్టనిలువు ఎండ.

"తాతకు బారసాల ఎప్పుడో!" అని అరిచింది ఎదుటి గాజుల మహబూబీ.

"పిలుస్తాలే బూబమ్మా. ఉయ్యాల ఊపడానికి నువ్వే రావాల," అన్నాడాయన.

సంతంతా నవ్వింది. ఓబులేసు తల వంచుకుని కాజా కుట్టాడు. అది వంకరగా వచ్చింది.

తాత ఆ కుళ్ళాయి మళ్లీ తీయలేదు. దర్గాలోనూ అదే, బట్టలడగడానికి ఊళ్లు తిరిగేటప్పుడూ అదే. రెండో సోమవారం గంగరత్న చెప్పులకోసం వచ్చింది. ఆయన్ని చూసి నిలబడిపోయింది. తర్వాత ముందుకు వంగి, ఆయన గడ్డం కింద ముడి విప్పి, వదులుగా మళ్లీ వేసింది.

"బిగుసుకుంది తాతా," అని చెప్పి, చెప్పులు తొడుక్కుని పోయింది.

ఆ పూట ఓబులేసు ఉండబట్టలేక అడిగేశాడు. "అయ్యా, దీన్ని పెట్టుకుని తిరగడం నిజాన్ని తిప్పి చెప్పడం కాదా? పోయిన బిడ్డ పోయినట్టే కదా."

తాత అతని చెయ్యి పట్టుకుని కుళ్ళాయి మీద పెట్టుకున్నాడు. ఉన్ని చెమటతో తడిసి ఉంది. కింద నెత్తి కాలిపోతోంది.

"ఇది అబద్ధమా?"

ఓబులేసు చెయ్యి తీసుకోలేదు.

"కడుపుతో ఉన్న ఆ తల్లి మళ్లీ వస్తే తెలిసింది చెప్పు. బిడ్డ సంగతీ చెప్పు. ఆ తర్వాత పెట్టుకున్నవాడికి డెబ్బై ఎనిమిది, వాడు రాయి మాదిరి ఉండాడని కూడా చెప్పు."

ఓబులేసుకు ప్రాణం లేచివచ్చింది. చెప్పగలిగిన నిజం ఒకటి దొరికింది. పొరుగూరికి పోయే పాల వ్యాను మనిషితో, కుళ్ళాయిని తాత పెట్టుకున్నాడని, ఒకసారి రమ్మని సుంకమ్మకు కబురు పెట్టాడు. ఐదో సోమవారం వస్తానని ఆమె బదులు పంపింది. ఏం చెప్పాలో మనసులో వంద సార్లు చెప్పుకున్నాడు.

నాలుగో సోమవారం మధ్యాహ్నం తాత మంచినీళ్లు అడిగాడు. తాగాడు. బట్టల మూటకు చేరగిలబడ్డాడు. మళ్లీ లేవలేదు.

వడదెబ్బ అన్నాడు డాక్టరు. కుళ్ళాయి అంది సంత. డాక్టరు మాట కన్నా సంత మాటే ఎక్కువ ఊళ్లు తిరిగింది. శవానికి స్నానం చేయించినవాళ్లు కుళ్ళాయి విప్పి, రెండు వేళ్లతో పట్టుకుని తెచ్చి ఓబులేసుకు ఇచ్చారు. "ఇప్పుడైనా కాల్చెయ్. ఇద్దరిని తినింది," అన్నారు.

ఐదో సోమవారం ఓబులేసు ఒక్కడే పట్టా పరిచాడు. కుళ్ళాయిని నడుమ పెట్టాడు. దానికి అటూ ఇటూ ఉన్న బట్టలు కూడా ఎవరూ ముట్టుకోలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సుంకమ్మ గొడుగేసుకుని వచ్చింది. ఎనిమిదో నెల నడుస్తోంది. మొహం తేటగా ఉంది, తాత సంగతి ఇంకా ఆమె చెవిన పడలేదు. సంతలో అడుగు పెట్టిన దగ్గర్నుంచి ఆమెతో ఎవరూ మాట్లాడలేదు.

"కబురు అందిందన్నా. దీన్ని తాత పెట్టుకున్నాడంట కదా. బాగుండాడా?"

మహబూబీ గాజుల బేరం ఆపి ఇటు తిరిగింది. కూరగాయలవాళ్లు కూడా చూస్తున్నారు. వంద సార్లు వల్లించుకున్న మాట ఓబులేసుకు ఇప్పుడు పనికిరాకుండా పోయింది.

"పోయాడమ్మా. పోయిన సోమవారం. ఇక్కడే."

సుంకమ్మ కడుపు మీద చెయ్యి వేసుకుంది.

ఓబులేసు కుళ్ళాయి తీసుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు. తాత కలిపిన పోగులు అతనికి సరిగ్గా అందాయి. ముడేసుకుని, సూది తీసుకుని, సగంలో ఉన్న కాజా దగ్గర కూర్చున్నాడు.

ఆమె తిరిగి చూడకుండా పోతుందని అందరూ అనుకున్నారు. మహబూబీ ఆ మాట పైకే అనింది.

సుంకమ్మ పట్టా చుట్టూ తిరిగి అతని పక్కకు వచ్చింది. గొడుగును అతని నెత్తి మీదికి జరిపి కూర్చుంది. సంత ఎత్తేసేదాకా లేవలేదు.