పూతరేకుల ప్రోగ్రాము

కాలవగట్టు వీధిలో త్రిమూర్తులు, గంగరాజు, సత్తిపండు అని ముగ్గురు అన్నదమ్ములుండేవారు. వాళ్ళ లెక్కలో ఊరి తెలివంతా వాళ్ళింట్లోనే కాపురముండేది. మూడు నెలలు జావాస్క్రిప్టు అనే కంప్యూటరు భాష నేర్చుకొచ్చాక ఆ తెలివి గడప దాటి బయటికి రావడం కూడా మానేసింది.

వాళ్ళ పెద్దమ్మ అచ్చాయమ్మది పూతరేకుల కొట్టు. "ఒరే, ఆర్డరు రాగానే అడ్రసు వెతకడం, సరుకు కట్టించడం, ఆటోని పంపడం అన్నీ మీ కంప్యూటరే చూసుకోవాలి. ఒకదానికోసం ఒకటి కూర్చోకుండా చకచకా అయిపోవాలి" అంది.

ఇంకేముంది, మూడు పనులూ ఒకేసారి మొదలయ్యేలా ప్రోగ్రాము రాసేశారు. అడ్రసు ఇంకా దొరకలేదు, సరుకు ఇంకా కట్టలేదు, ఆటో మాత్రం వెళ్ళిపోయింది. అడ్రసు ఉండాల్సిన చోట ఆటో నూకరాజు ఫోన్లో 'అన్‌డిఫైన్డ్' అని పడింది. పాపం అతను ఖాళీ బండేసుకుని, "అన్‌డిఫైన్డ్ ఏ పక్కనండీ?" అని కనబడ్డవాళ్ళనల్లా అడుగుతూ సాయంత్రానికి యానాం చేరాడు.

పెద్దమ్మ తల బాదుకుంది. "ఒకటయ్యాకే రెండోది చెయ్యాలిరా. అదేదో ఆగమని చెప్పే మాట ఉందన్నారుగా, అది పెట్టండి."

"అవెయిట్ అంటారు పెద్దమ్మా" అన్నాడు సత్తిపండు గర్వంగా. అంతే, కంటికి కనబడ్డ ప్రతి వరసలోనూ అవెయిట్ పెట్టేశారు.

సరిగ్గా అప్పుడే పెద్ద పెళ్ళి ఆర్డరు తగిలింది. నలభై పెట్టెలు. పన్నెండింటికి బంతి, విస్తట్లో మొదట పడాల్సింది పూతరేకే. అచ్చాయమ్మ నాలుగు రోజులు రేకులు తీసే కుండ ముందునుంచి లేవలేదు. ఇక్కడ మాట పోతే కొట్టు మూసుకోవడమేనని ఆవిడ భయం.

పెళ్ళిరోజు పొద్దున్న ఆరింటికి ఆటో ఒక్క పెట్టె తీసుకెళ్ళింది. దించి, తిరిగొచ్చి, రెండోది తీసుకెళ్ళింది. తొమ్మిదింటికి చేరినవి ఆరు. నలభై వస్తేగానీ లోపలికి పోకూడదని ప్రోగ్రాములో ఉండడంతో ఆ ఆరూ మండపం బయట అరుగు మీదే ఉన్నాయి.

"ఒకటయ్యాకే రెండోది అన్నావు కదా" అన్నాడు గంగరాజు.

"పెట్టెకీ పెట్టెకీ ఏం సంబంధంరా? అన్నీ ఒక్కసారే వెయ్యొచ్చుగా!" పెద్దమ్మకు ఏడుపొచ్చింది. "మిగతావి నేనే తెస్తాను. మీరు ముందెళ్ళి మండపం దగ్గరుండండి. నా పూతరేకు తినకుండా ఒక్కరు కూడా బయటికి పోకూడదు, చూసుకోండి."

ముగ్గురూ పరుగెత్తారు. ముందు తినడం, తర్వాతే తలుపు తెరవడం అని ప్రోగ్రాములో రాశారు. పెళ్ళివారందరూ లోపలికి వెళ్ళేదాకా చూసి, తలుపు వేసి బయట తాళం పెట్టారు.

పన్నెండుకు పావు తక్కువకి అచ్చాయమ్మ ముప్ఫై నాలుగు పెట్టెలతో ఆటో దిగింది.

"తాళం తియ్యండ్రా."

"అందరూ తిన్నారా?" అన్నాడు గంగరాజు.

"నేను లోపలికి వెళ్తేగా తినేది."

"వాళ్ళు తింటేగా తీసేది" అన్నాడు సత్తిపండు.

లోపల పెళ్ళికొడుకు తండ్రి తలుపు దబదబా బాదుతున్నాడు. పన్నెండయింది. పెద్దమ్మ అరుగు మీద కూలబడి భోరుమంది.

త్రిమూర్తులు మనసు కరిగిపోయింది. ఫోను ఆవిడ ముందు పెట్టి, "ఊరుకో పెద్దమ్మా. ఈసారి ప్రోగ్రాము ఒక్క తప్పు కూడా చూపించట్లేదు చూడు. తినడం కోసం తలుపు ఆగింది, తలుపు కోసం తినడం ఆగింది. అన్నీ నువ్వు చెప్పినట్టే ఆగాయి" అన్నాడు. తాళంచెవి జేబులో వేసుకుని, తనూ గుమ్మం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.