ఏడు కాళ్ళతో సభకెక్కిన దీర్ఘపాద

అనగా అనగా, మనుషులింకా దారి వెయ్యని ఒక కొండ. ఆ కొండకో రాజు. ఆయన ఒళ్ళంతా పొలుసులున్న ఒక అలుగు, పేరు కవచకేతుడు. చీమలు తప్ప ఇంకేమీ తినడు కనుక, చీమలు తప్ప మిగతా ప్రజలంతా ఆయన్ని మెచ్చుకునేవారు. ఆయన మంత్రి శిరఃకంపుడనే తొండ. రాజు ఏమన్నా తలూపడమే ఆ మంత్రి తెలివి.

కొండ కడుపులో ఎప్పుడూ చెమ్మగా ఉండే ఒక గుహ. అందులో ఒక పురుగుల జాతి తరతరాలుగా బతుకుతోంది. వాళ్ళకు గూడు అల్లడం రాదు. కాటులో విషం లేదు. రాలిన పండూ చచ్చిన పురుగూ కొరుక్కు తిని, కొండను శుభ్రంగా ఉంచేవాళ్ళు.

దీర్ఘపాద ఆ గుహలో పుట్టిన పిల్ల. మిరియపు గింజంత ఒళ్ళు, వెంట్రుకల్లాంటి ఎనిమిది పొడుగు కాళ్ళు. ఆమె మేనమామ కంటకుడివి పొట్టి కాళ్ళు, ఒళ్ళంతా ముళ్ళు, పట్టకార్లలాంటి చేతులు. అమ్మమ్మ అణువమ్మ ఇసుక రేణువంత. ఒకే ఇంటివాళ్ళంటే నమ్మబుద్ధి కాదు. వాళ్ళు మాత్రం ఏనాడూ దాని గురించి ఆలోచించలేదు.

వానలు దగ్గర పడ్డాయి. ఎవరెక్కడ తలదాచుకోవాలో మంత్రి చాటింపు వేయించాడు. "ఒక్కో జాతికి ఒక్కో పెద్ద, ఒక్కో చోటు. పోలికను బట్టి ఎవరి పెద్ద దగ్గరికి వాళ్ళు పొద్దుగూకేలోగా చేరాలి."

పొడుగు కాళ్ళ దీర్ఘపాద సాలీళ్ళ పెద్ద తంతుమతి దగ్గరికట. ముళ్ళ కంటకుడు తేళ్ళ దగ్గరికట. అణువమ్మ నెత్తురు పీల్చే పిడుదుల దగ్గరికట. ఖాళీ అయిన గుహ తంతుమతికట. ఈ ఉపాయం మంత్రి చెవిలో ఊదింది కూడా ఆ తంతుమతే.

కంటకుడు కదల్లేదు. గుహ గోడ మీద అతని గుడ్లున్నాయి. వాటికి కాపలా తండ్రే.

"నేను పక్కకు జరిగితే చీమలు ఒక్క గుడ్డు మిగల్చవే అమ్మాయ్" అన్నాడు.

దీర్ఘపాదకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వు కదలకు మావయ్యా. ఎవరు ఎవరి బిడ్డలో తేల్చడానికి వీళ్ళెవరో అడిగొస్తాను." అమ్మమ్మను వీపున ఎక్కించుకుని బయలుదేరింది.

గుహ వాకిట్లోనే తంతుమతి భటుడు ఆమె కాలు పట్టుకున్నాడు. ఆమె ఆ కాలిని ఊడదీసుకుని వదిలేసింది. వాడి చేతిలో అది గిలగిల కొట్టుకుంటుంటే, మిగిలిన ఏడింటితో సభకు ఉరికింది.

మంత్రి ఆమె కాళ్ళు లెక్కపెట్టాడు. "ఏడు కాళ్ళ జాతి మా లెక్కలో లేదే. నువ్వెవరివీ కావు, పో."

"ఎనిమిదోది తంతుమతిగారి భటుడి దగ్గరుంది, తెప్పించుకోండి. ఇంకా ఆడుతూనే ఉంటుంది. కాలు ఊడితే పుట్టుక మారిపోతుందా మంత్రిగారూ?"

తంతుమతి తేనె పూసినట్టు మాట్లాడింది. "ఆడపిల్లకు అంత కోపం దేనికమ్మా? నువ్వు నా బిడ్డవే."

"అలాగే పిన్నీ. మరి మీ ఇంట్లో నాకేం పెడతావు?"

"వేటను విషంతో కరిగించి రసం పీల్చుకుంటాం."

"నాకు పీల్చడం రాదు. కొరికి నమలాలి. నీకున్న సన్న నడుము నాకు లేదు, దారమూ లేదు. నన్నేం పెట్టి పెంచుతావు?"

తంతుమతి చూపు దీర్ఘపాద పొట్ట మీదే ఉండిపోయింది. అది కన్నతల్లి చూపు కాదని సభలో అందరికీ అర్థమైంది.

తేళ్ళ పెద్ద ముందుకొచ్చాడు. "ఆ పిల్ల మాటెలా ఉన్నా, ముళ్ళవాడు మావాడే. ఆ చేతులు మావే."

"సరే బాబాయ్, మీ ఇంట్లో గుడ్లకు కాపలా ఎవరు?"

"గుడ్లా? ఛీ. మేం పిల్లల్నే కంటాం, వీపున మోస్తాం."

"మావయ్య సభకు రాకపోవడానికి కారణం గుడ్లే. గోడకు అతుక్కున్నాయి. వచ్చి వీపున మోస్తావా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తేళ్ళ పెద్ద తోక ముడుచుకున్నాడు.

పిడుదుల పెద్ద గొంతు సవరించుకునేలోగా అణువమ్మే అందుకుంది. "నన్ను ఏ గేదె చెవికి అంటించినా ఆకలితో చస్తాను నాయనా. నెత్తురు వాసనకే నాకు డోకొస్తుంది."

రాజు ఆవలించాడు. "అది కాదు, ఇది కాదు అంటున్నారు. బాగానే ఉంది. మీలో మీకు పోలికేదీ?"

"దగ్గరికొస్తే కనబడుతుంది మహారాజా" అంది దీర్ఘపాద. " తలా పొట్టా కలిసిపోయి అందరిదీ ఒకే ముద్ద ఒళ్ళు. అందరం కొరికి తినేవాళ్ళమే. ప్రాణం మీదికొస్తే ఒంట్లోంచి ఘాటు వాసన వదులుతాం."

అణువమ్మ కొంచెం వదిలింది. ముందు వరుస మొత్తం ముక్కు మూసుకుంది.

మంత్రి తలూపుతూ అన్నాడు. "గడపగడపకూ పోయి ఇవన్నీ చూసే తీరిక మాకెక్కడిది? పైపోలికే ప్రమాణం."

దీర్ఘపాద రాజు ముందుకు జరిగింది.

"అయితే మహారాజా, తమరు ఈయనగారి మేనల్లుడు. ఆయన ఒంటి మీదా పొలుసులే, తమ ఒంటి మీదా పొలుసులే. పొద్దుగూకేలోగా సింహాసనం దిగి తొండల బొరియలో చేరండి. రాజైతేనేం, చాటింపు చాటింపే."

రాజు గిరుక్కున ముడుచుకుని బంతిలా అయిపోయాడు. కోపమో సిగ్గో ఎవరికీ తెలియలేదు. ఆ బంతిలోంచి మాట వినిపించింది.

"మా అమ్మ నాకు పాలిచ్చింది. తోక మీద ఎక్కించుకుని తిప్పింది. మంత్రీ, మీ అమ్మ నీకు పాలిచ్చిందా?"

"మా అమ్మ గుడ్లు పెట్టి వెళ్ళిపోయింది మహారాజా." మొదటిసారి మంత్రి తల ఊగలేదు.

రాజు లేచి, మంత్రినీ దీర్ఘపాదనూ వెంటబెట్టుకుని తానే గుహకు నడిచాడు. అప్పటికే తంతుమతి పిల్లలు వాకిలికి అడ్డంగా గూడు కట్టేశారు. లోపల కంటకుడు గుడ్లకు అడ్డం నిలబడి, వచ్చిన చీమనల్లా ముళ్ళ కాలితో తన్నుతున్నాడు. రాజు తోకతో గూడు ఊడ్చేశాడు. చీమలు ఆయన్ని చూసిన క్షణమే పారిపోయాయి.

"గుహ మీది. చాటింపు రద్దు. ఇకమీదట ఏ ఇంట్లోనైనా నాలుగు రోజులు కూర్చుని చూసొచ్చాకే ఆ జాతి గురించి నోరు విప్పు మంత్రీ." తర్వాత గొంతు తగ్గించాడు. "క్షమించమ్మా."

"నా కాలు మళ్ళీ మొలవదు మహారాజా" అంది దీర్ఘపాద. ఆమె కోపం ఇంకా చల్లారలేదు. "క్షమాపణ నాకొద్దు. ఇంకొకరి కాలు ఊడకుండా చూడండి."

రాజు తల వంచుకున్నాడు. ఆమె మేనమామ పక్కన, గుడ్లకు ఇటువైపు కాపలా నిలబడింది.

పైపోలిక చూసి ఎవరి పుట్టుకనూ తేల్చకూడదు. గడప దాకా వెళ్ళి బతుకు చూసినవాడికే తీర్పు చెప్పే హక్కు.