ఎర్రన్న పంతులు తెచ్చిన పచ్చ పుస్తకం

నందిగుంట రాజావారికి ఆ పొద్దున్నే గుండెల్లో రాయి పడింది. కాలువ నీళ్లు ఎగువ ఊళ్లకా, తమ ఊళ్లకా అన్న తగువు మధ్యాహ్నం కలెక్టరు దొర తీరుస్తాడట. "గ్రీన్ రిపోర్టు చూపించండి. అందులో ఎలా ఉంటే అలా" అని కబురు. చూపించలేకపోతే నాట్లు ఎండినట్టే.

ఇంగ్లండు సీమ నుంచి వచ్చిన సర్కారు పుస్తకాలు పెట్టెలకొద్దీ ఉన్నాయి. అన్నిటికీ నీలం అట్టలే.

"తెచ్చినవాడికి నా చేతి కంకణం!" అన్నాడు రాజు.

దుబాసీ ఎర్రన్న పంతులు మీసం దువ్వాడు. ఇంగ్లీషు తన ఇంటి సొత్తని ఆయన ధీమా. ఇలాంటి పంతుళ్లను నేనూ ఎరుగుదును, మరిచిపోలేదు.

"గ్రీన్ అంటే పచ్చ ప్రభూ! పచ్చట్ట పుస్తకం. చిటికెలో పని."

"నేనూ వెతుకుతాను" అన్నాడు విదూషకుడు పేరిశాస్త్రి.

"నవ్వించేవాడికి నీళ్ల గొడవెందుకయ్యా?"

"నీళ్లు లేకపోతే నవ్వేవాళ్లుండరు పంతులుగారూ."

జాము గడిచింది. పంతులు పచ్చట్ట పుస్తకం పట్టుకొచ్చాడు, చేతులు మాత్రం ఉత్తరీయంలో దాచుకుని. శాస్త్రి నీలం అట్టదే తెచ్చాడు.

"ఇది నీలమయ్యా! కళ్లు లేవా?" అన్నాడు పంతులు.

శాస్త్రి తన పుస్తకం రాజు ముందు పెట్టి, చేతులు కట్టుకుని అడిగాడు:

"రేపు ఎర్రన్న పంతులుగారు పుస్తకం రాస్తే, దానికి ఎర్రట్టే వేయాలా?"

రాజు ఉలిక్కిపడ్డాడు. "అంటే?"

"గ్రీన్ రంగు కాదు ప్రభూ, ఒక దొర పేరు. కాలువల కమిటీకి పెద్ద. అందుకని నేను రంగు వెతకలేదు, కాలువల పెట్టె తెరిపించాను. ఇదిగో మన ఊరు, ఇవిగో మన నీళ్లు, చివర ఆయన సంతకం."

"మరి పంతులు తెచ్చింది?"

తెరిచి చూస్తే అన్నీ గొర్రెల బొమ్మలు. గొర్రెల జబ్బుల మీద రిపోర్టు!

"అట్ట పచ్చగా ఎలా ఉందయ్యా?"

"నీలం మీద పసుపు రాస్తే పచ్చే ప్రభూ. ఆ ఉత్తరీయం తీయించండి."

తీశారు. మోచేతుల దాకా పసుపు.

"మంగళస్నానం అయిపోయింది" అన్నాడు శాస్త్రి. "బాజాలు పిలిపించండి ప్రభూ! పెళ్లికూతురు ఆ పుస్తకంలోనే ఉంది!"

సభ గొల్లుమంది. రాజు కళ్లు తుడుచుకుంటూ కంకణం తీసి శాస్త్రి చేతికి తొడిగాడు.